విచారమూ, క్షమాపణా

ఎలిజబెత్ రాణి 1953లో వలస ద్వీపంగా వున్న జమైకాకు వెళ్ళింది. 1962లో స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1966 మొదలు 2002 వరకూ ఐదుసార్లు వెళ్ళింది. అప్పుడూ అతిథిగా కాదు, జమైకా రాణిగానే! 2022 మార్చిలో ఆమె మనుమడు విలియం వెళ్ళి, బానిసత్వం హేయమైనదనీ, అందుకు తాను గాఢంగా విచారిస్తున్నాననీ విందులో ప్రసంగించాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

తేడా మాటల్లోనే వున్నదా? పొరుగింట చావు జరిగితే మనమూ విచారిస్తాం. విచారానికి కర్త అక్కరలేదు. క్షమాపణకు కావాలి. ‘చేసింది మేమే’ అన్న మరుక్షణం బాకీ లెక్క బయటికొస్తుంది.

లెక్కలు బ్రిటన్‌కు తెలియనివి కావు. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం కేటాయించింది — యజమానులకు! కొరడా దెబ్బలు తిన్నవారికి దమ్మిడీ లేదు. పైగా 1838 దాకా ‘అప్రెంటిసు’లనే ముద్దుపేరుతో అవే చెరకు తోటల్లో వెట్టి. ఆ పరిహారానికి చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. అంటే బ్రిటన్‌లో స్థిరపడిన జమైకన్లు కట్టిన పన్నులూ, తమ పూర్వీకులను కొన్నవారి పరిహారపు పద్దులోకే పోయాయన్నమాట.

ఎన్నడో జరిగినదానికి నేటివారు బాధ్యులా అంటారు. 1672లో రెండవ చార్లెస్ సనదు పొంది బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి అధిపతి రాజుగారి తమ్ముడు జేమ్సే. కిరీటం వారసత్వంగా వస్తుంది గాని బాకీ రాదా? మన పల్లెల్లో షావుకారు సైతం తండ్రి రాసిన నోటుకు కొడుకును నిలదీస్తాడు.

ఆ పర్యటన నాడు కింగ్‌స్టన్‌లో బ్రిటిష్ హైకమిషన్ ముందు జనం గుమిగూడి క్షమాపణ అడిగారు. ప్రధాని హోల్నెస్ యువరాజు ముఖానే చెప్పాడు, తమ దేశం ముందుకు సాగిపోతున్నదని.