మర్యాద ఎవరి సొత్తు?

మనిషికి మర్యాద మనిషి అయినందువల్ల దక్కుతుందా, లేక అతని చేతిలోని డబ్బును బట్టి, హోదాను బట్టి దక్కుతుందా? తరగతి గదిలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం సులభం. మొన్న ఒక మోటారుసైకిళ్ళ షోరూములో నేను దానికి తప్పు జవాబు చెప్పి వచ్చాను. ఆ తప్పును పాఠకుల ముందు పెట్టి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలేజీకి వెళ్ళి రావడానికి ఒక బండి కొందామని సెలవురోజున పాత చొక్కాతో, రబ్బరు చెప్పులతో వెళ్ళాను. నాకంటే ముందే ఒక తాపీమేస్త్రీ భార్యతో వచ్చి ఒక బండి పక్కన నిలబడి ఉన్నాడు. ‘‘దాన్ని ముట్టుకోకు. నీకు లోను రావడం కష్టం’’ అన్నాడు సేల్సు కుర్రవాడు. మేస్త్రీ అసలు లోను మాటే ఎత్తలేదు. తర్వాత నావంక తిరిగి, ‘‘నీకేం కావాలి?’’ అన్నాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పది నిమిషాలు అందరం నిలబడే ఉన్నాం. నాకు కోపం వచ్చింది. జేబులోంచి కాలేజీ గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టాను. తక్షణం ‘‘నువ్వు’’ పోయి ‘‘మీరు’’ వచ్చింది. కుర్చీ వచ్చింది, మంచినీళ్ళు వచ్చాయి, లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు లెక్కలు వచ్చాయి. నేను కూర్చున్నాను. మేస్త్రీ దంపతులు కాసేపు చూసి తలుపు తోసుకుని వెళ్ళిపోయారు.

ఆ కుర్రవాడిని తిట్టి ఊరుకోవడం తేలిక. కాని నెలకిన్ని బండ్లు అమ్మాలన్న లెక్క అతని నెత్తిమీద ఉంది. ఎవరు కొంటారో, ఎవరు కొనరో చూపుతోనే తూచమని అతనికి నేర్పారు. పగలంతా అతనూ నిలబడేవాడే. దుకాణాల్లో పనిచేసేవారు కూర్చోవడానికి కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టమే చేయవలసి వచ్చింది! నిలబడినవాడు నిలబడినవాణ్ణే అవమానించేటట్లు చేయడం ఈ వ్యవస్థకు తెలిసిన విద్య.

పోటీ పెరిగితే దుకాణదారుడే వినయం నేర్చుకుంటాడని కొందరంటారు. 1970లలో బజాజ్ స్కూటరుకు డబ్బు కట్టి మన పెద్దలు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. సరుకు కొరత అప్పుడు కొనేవాణ్ణి అర్థిని చేసింది. 1991 తర్వాత సరుకు గుట్టలు పడింది. కొనగలవాడు దేవుడయ్యాడు. కొనలేడని అనుమానం కలిగినవాడు మాత్రం అర్థిగానే మిగిలాడు. మారినది బేరం బలమే గాని మనిషి విలువ కాదు.

తత్త్వవేత్త కాంట్ 1785లో వెలువరించిన నీతిశాస్త్ర గ్రంథంలో ధరకూ గౌరవానికీ మధ్య గీత గీశాడు. ధర ఉన్నదాని స్థానంలో మరొకదాన్ని పెట్టవచ్చు. మనిషి స్థానంలో దేన్నీ పెట్టలేం గనుక అతనికి ఉండేది ధర కాదు, గౌరవం. ఈ గీతను ప్రతిదినం చెరిపివేస్తున్నదేమిటో తెలియాలంటే మార్క్స్ 1844 నాటి రాతప్రతులు చూడాలి. డబ్బు తన శక్తినే దాని యజమాని శక్తిగా చూపిస్తుందని ఆయన అక్కడ వివరించాడు. నా కార్డు నేను మనిషినని చెప్పలేదు. నాకు నెలనెలా జీతం వస్తుందని చెప్పింది.

‘మర్యాద’ అన్న సంస్కృత పదానికి హద్దు అన్న అర్థం ఉంది. ఎవరి హద్దులో వారుండడమే మర్యాద అన్నది పాత సమాజపు నీతి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం ఈ హద్దుల్లో ఒకదాన్ని చెరిపింది. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరినీ దుకాణంలోకి రాకుండా అడ్డగించరాదని 15వ అధికరణం శాసించింది. అది చిన్న విజయం కాదు. కాని చట్టం తలుపు తెరిపించగలిగింది. లోపల కుర్చీ ఎవరికి వేయాలో డబ్బు నిర్ణయిస్తున్నది. వేషం చూసి డబ్బును, ఒక్కొక్కప్పుడు కులాన్ని కూడా, అంచనా కడుతున్నారు.

ఇక నా తప్పు. అవమానం ఇద్దరికీ జరిగింది. నేను అవమానాన్ని ఎదిరించలేదు. అందులోంచి నన్నొక్కణ్ణి తప్పించమని కోరాను. ‘‘నేను అతనిలాంటివాణ్ణి కాను’’ అన్నదే ఆ కార్డుకు అర్థం. మధ్యతరగతి ఆత్మగౌరవం తరచుగా ఇంతే.

మా కాలేజీలో నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన అటెండరును నేను ‘‘నువ్వు’’ అంటాను. అతను నన్ను ‘‘మీరు’’ అంటాడు. ఆ సేల్సు కుర్రవాడు ఈ పాఠం ఎక్కడ నేర్చుకున్నాడు? ఇటువంటి ఏదో ఒక కాలేజీ వరండాలోనే నేర్చుకుని ఉండవచ్చు.

పిలుపు మారినంత మాత్రాన వ్యవస్థ మారదు, నిజమే. కాని ‘‘ఆయన నాకంటే ముందొచ్చారు, ముందు ఆయనకు చెప్పండి’’ అనడానికి వ్యవస్థ మారేదాకా ఆగనక్కరలేదు. ఆ రోజు నేను ఆ మాట అనలేదు.