రాణి అని పేరు

“మా ఆయన నన్ను మహారాణిలా చూసుకుంటారమ్మా!” అని పక్కింటి పిన్నిగారు అన్నప్పుడల్లా నాకు రెజీనా గుర్తొస్తుంది. రెజీనా అంటే లాటిన్ భాషలో రాణి. కానీ ఆవిడ బానిస.

ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు కార్‌బ్రిడ్జ్ శిథిలాలు చూశాను. హేడ్రియన్ చక్రవర్తి 122లో మొదలుపెట్టించిన సరిహద్దు గోడకి కాస్త దక్షిణంగా, టైన్ నది ఒడ్డున వెలసిన రోమన్ల ఊరది. ఉత్తరానికి పోయే సైన్యం అక్కడే వంతెన మీద నది దాటేది. వంతెన ఏనాడో కూలింది. ధాన్యపు కొట్ల పునాదులు, గోడల మొదళ్ళు మిగిలాయి.

అక్కడ దొరికిన ఒక సమాధి రాయి బరాతెస్ అనే ఆయనది. సిరియా ఎడారిలోని పల్మైరా నుంచి వచ్చి, 68 ఏళ్ళు బతికి, ఆ చలిదేశంలో పోయాడు. అదే నది సముద్రంలో కలిసే సౌత్ షీల్డ్స్‌లో 1878లో ఇంకో రాయి దొరికింది. దాన్ని చెక్కించిందీ పల్మైరా బరాతెస్సే! ఇద్దరూ ఒకరే కావచ్చని పండితుల ఊహ.

ఆ రెండో రాయి అతని భార్య రెజీనాది. దక్షిణ బ్రిటన్‌లోని కాటువెల్లౌని తెగ ఆడపడుచు. బానిసగా ఉన్న ఆమెని విడిపించి పెళ్ళాడాడు. 30 ఏళ్ళకే పోయింది. శిల్పంలో కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో కదురు, పక్కన ఉన్ని ఉండల బుట్ట, నగల పెట్టె. లాటిన్ అక్షరాల కింద అతని సొంత భాషలో ఒకే వరుస. ఆమె పేరు, తన పేరు, చివర ‘అయ్యో’ అన్న మాట.

సౌత్ షీల్డ్స్ వెళ్ళి ఆ రాయి ముందు నిలబడితే నా కళ్ళు చెమర్చాయి. ఇది ప్రేమ కాక మరేమిటి?

“అతను అయ్యో అన్నాడు సరే అక్కా, ఆవిడేమంది?” అంది మా చెల్లెలు.

నిజమే. తనని విడిపించిన యజమానినే పెళ్ళాడిన స్త్రీ, అతను ఒప్పుకోకుండా అతన్ని వదిలి ఇంకొకరిని పెళ్ళాడటానికి రోమన్ చట్టం వీల్లేదంది. విప్పిన చెయ్యే మళ్ళీ ముడి వేసిందన్నమాట. అతని దుఃఖం అబద్ధమని నేననను. మంచివాడే అయ్యుంటాడు. కానీ కాదనే వీలుంటేనే కదా అవునన్న మాటకి విలువ! ఎదుటివాళ్ళ మంచితనం మీద నిలిచే స్వేచ్ఛ స్వేచ్ఛేనా? వంతెన అన్నాక అటు వెళ్ళాలి, ఇటూ రాగలగాలి.

శిల్పంలో రెజీనా ముఖం చెదిరిపోయింది. సుఖపడిందో లేదో చూసి చెప్పలేం.

తిరిగొచ్చాక పిన్నిగారిని అడిగాను. “బాబాయిగారితో చెప్పకుండా ఒక్కరోజు మీ అక్కగారింటికి వెళ్ళి రాగలరా?”

ఆవిడ హాయిగా నవ్వి, “అడిగితే ఆయనెందుకు కాదంటారమ్మా?” అన్నారు.

నేనడిగింది అది కాదు.