ముగ్ధుల సన్నిధిలో పంచాచారము

శ్రీ గురు బసవలింగాయ నమః



ఒక శ్రావణ సోమవారమునాడు బసవపురాణ ప్రవచనము ముగిసి ప్రసాదము పంచుచుండగా, ఒక వృద్ధమాత తన కుమారుని చేయి పట్టుకొని నా యొద్దకు వచ్చెను. అతనికి నలువది యేండ్లుండును. మెడలో శివదారమున ఇష్టలింగమున్నది. మాట మాత్రము రెండు మూడు పదములకు మించదు. "పంతులుగారూ! నేనున్నన్నాళ్లు వీనికి కొరతలేదు. నా తరువాత వీనిని ఏ ఆశ్రమములో నుంచవలెను? అక్కడ వీనిని కొట్టినను వచ్చి చెప్పలేడు గదా!" అని ఆమె అడిగినది. ఆ క్షణమున నాకు సమాధానము తోచలేదు. ఈ నాలుగు మాటలు ఆ తల్లికి నేను తీర్చవలసిన బాకీ.

పాల్కురికి సోమనాథ మహాకవి బసవపురాణమున ముగ్ధభక్తుల చరిత్రలను వర్ణించెను. వారిలో బెజ్జ మహాదేవి యొకతె. శివునకు తల్లి లేదని తలచి ఆమె దుఃఖించినది. తల్లియే యున్నచో బిడ్డను విషము త్రాగనిచ్చునా, పాములను మెడలో వేసికొననిచ్చునా, వల్లకాట తిరుగనిచ్చునా యని తలపోసి, తానే తల్లియైనది. శిశువును సాకినట్లు స్వామికి స్నానము చేయించి, పాలు త్రాగించి, లాలించినది. లోకమంతయు శివుని వరము లడుగుచుండగా, ఈ బిడ్డకు నీళ్లు పోయువారెవరు, అన్నము పెట్టువారెవరు అని ఆమె యొక్కతెయే విచారించినది. మనమొక ఆశ్రమమును పరీక్షింపవలసినది ఆ ప్రశ్నతోడనే.

ఇచట నొక హెచ్చరిక అవసరము. ముగ్ధత్వము భక్తుని మనస్సునకు సంబంధించిన నైర్మల్యము. మేధోవైకల్యము పుట్టుకతోనో, బాల్యముననో మెదడునకు కలుగు స్థితి. రెండింటిని ఒక్కటిగా జేసి, "వీరు సాక్షాత్తు దేవతలు" అని పొగడి చేతులు దులుపుకొనుట తగదు. దేవతకు పంటినొప్పి రాదు, వీరికి వచ్చును.

బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమునకు పెద్దపీట వేసెను. మనమేమి చేయుచున్నాము? ఆశ్రమమునకు గది కట్టించుటకు దాతలు ముందుకు వత్తురు. గోడపై శిలాఫలకము నిలుచును. రాత్రి మేలుకొని యుండు ఆయాకు జీతమిచ్చుటకు దాత దొరకడు. శిలాఫలకము స్థావరము. రాత్రి రెండుగంటలకు మూర్ఛ వచ్చి కొట్టుకొనుచున్న బిడ్డ జంగమము. ఎవరిని సేవింపవలెనో వీరశైవునకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన పూర్వులు నిర్దేశించిన పంచాచారములనే కొలబద్దగా గొని ఈ విషయమును విచారింతము.

మొదటిది లింగాచారము. లింగధారియైన దేహము దేవాలయము. కావున ఆ దేహమును గమనించుటయే ప్రథమ పూజ. మేధోవైకల్యముగలవారిలో పెక్కురకు మూర్ఛలుండును. కొందరికి నమలుట, మ్రింగుట కష్టము. పడుకొనబెట్టి తొందరగా ముద్దలు కుక్కినచో అన్నము శ్వాసనాళమున పడి ప్రాణమునకే ముప్పగును. నిటారుగ కూర్చుండబెట్టి, మెత్తని అన్నమును చిన్న ముద్దలుగ, మ్రింగినది చూచి మరియొకటి పెట్టవలెను. నీటి వేడిని ముందు తన చేతితో చూచి పిమ్మట పోయవలెను. మూర్ఛ గలవారిని నీటి కడ ఒంటరిగ విడువరాదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున 2013లో మూర్ఛలుగల పదునెనిమిదేండ్ల యువకుడొకడు, వైద్యుల సంరక్షణలోని గృహముననే, స్నానపుతొట్టిలో మునిగి మరణించెను. ధనిక దేశము, చదివిన సిబ్బంది, అన్నియు నుండెను. చూచు కన్ను మాత్రము లేకపోయెను.

నొప్పిని చెప్పలేనివాడు దానిని చేష్టలతో తెలుపును. నిన్నటివరకు నెమ్మదిగ నున్నవాడు నేడు తల గోడకు కొట్టుకొన్నచో, అన్నము త్రోసివేసినచో, మొండితనమని తలపరాదు. పన్ను, చెవి, కడుపు, మలబద్ధకము—వీనిని ముందు చూపింపవలెను. నిద్రమాత్ర వైద్యుడు రోగికొరకు వ్రాయవలసినదే గాని, కాపలావాని విశ్రాంతికొరకు వేయవలసినది కాదు.

రెండవది శివాచారము. శరణులలో హెచ్చుతగ్గులు లేవు. రుసుము చెల్లించువారి బిడ్డకొక పంక్తి, అనాథకొక పంక్తి ఉండరాదు. బట్టలు ఒక కుప్పనుండి తీసి ఎవరికి తోచినవి వారికి తొడుగుట సేవ కాదు. ఎవరి బట్ట వారిదే కావలెను. ఏ చీర కట్టుకొందువమ్మా యని అడుగవలెను. స్త్రీలకు స్త్రీలే స్నానము చేయింపవలెను, తలుపో తెరయో ఉండవలెను. చిన్న విషయములుగ తోచును గాని, మనిషిని మనిషిగ చూచుట ఇట్టి వానియందే కలదు.

మూడవది భృత్యాచారము. సేవకుడు తాను యజమానినని తలపరాదు. అయితే ఆ సేవకునియెడల మనకును ధర్మము కలదు. ముప్పదిమందికి రాత్రంతయు ఒక్కరిని నియమించి, చాలీచాలని జీతమిచ్చి, శిక్షణ యేమియు నీయక, "ఓర్పు వహింపుము" అని ఉపదేశించుట ధర్మము కాదు. అలసిన చేయియే ముందు లేచును. సికింద్రాబాదున 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ ఈ విద్యను నేర్పుచున్నది. మన మఠములనుండి యువకులను, యువతులను అచటికి పంపవచ్చును.

నాలుగవది సదాచారము, అనగా దాపరికము లేని నడవడి. ఏ మందు ఏ వేళ నిచ్చినది, నెలనెల బరువెంత, దెబ్బ తగిలినచో ఎప్పుడు, ఎట్లు తగిలినది, పింఛను సొమ్ము దేనికి వ్యయమైనది—ఇవన్నియు పుస్తకమున నుండవలెను. వికలాంగుల హక్కుల చట్టము, 2016 ప్రకారము ఇట్టి సంస్థ నమోదు పత్రము పొంది యుండవలెను. దానిని చూపుమని అడుగుట అపచారము కాదు. ముందు తెలుపక వచ్చిన బంధువును లోనికి రానీయని ఆశ్రమమునందు ఏదియో దాగియున్నదని శంకింపవలెను.

అయిదవది గణాచారము. శివనిందను, శరణనిందను సహింపకుండుట గణాచారము. దీనికి కత్తి అవసరము లేదు, నోరు అవసరము. ఇంగ్లండులో బ్రిస్టలు నగరసమీపమున వింటర్‌బోర్న్ వ్యూ అను ప్రైవేటు ఆసుపత్రి యుండెను. ఒక్కొక్కరికి వారమునకు సగటున 3,500 పౌండ్ల రుసుము. అచటి సీనియరు నర్సు ఒకడు, ఇచట రోగులను హింసించుచున్నారని పై అధికారులకును, ప్రభుత్వ తనిఖీ సంస్థకును తెలిపెను. ఎవరును చెవిని పెట్టలేదు. 2011లో బి.బి.సి. వారు రహస్యముగ చిత్రించి ప్రసారము చేసిన పిదపనే లోకము మేలుకొనెను. ఆసుపత్రి మూతబడెను; 2012లో పదునొకండుగురు శిక్షితులైరి. మన పొరుగున తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకొన్నపుడు, గొలుసులతో బంధింపబడిన 28 మంది మరణించిరి. వారు మానసిక రోగులు. వారి వ్యాధి వేరు. కాని గొలుసు చెప్పు పాఠమొక్కటే.

ఇక నా తప్పును చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట ఒక ఆశ్రమమును చూడబోయిన బృందములో నేనుంటిని. పడకగది తలుపునకు వెలుపల గడియ యుండెను. ఏలయని అడిగితిని. "రాత్రివేళ లేచి పోవుదురండి" అనిరి. నిప్పంటుకొన్నచో ఆ గడియను తీయువారెవరని నేనడుగలేదు. అప్పటికే శాలువ కప్పిరి, భోజనము పెట్టిరి. సందర్శకుల పుస్తకమున "అన్నియు తృప్తికరముగ నున్నవి" అని నా చేతితో వ్రాసి వచ్చితిని. నుదుట విభూతి యున్నది, నోట గణాచారము లేదు. ఆ వాక్యము ఇప్పటికిని నన్ను నిద్రపోనీయదు.

మౌనము వహింపనక్కరలేదని చట్టము చెప్పుచున్నది. వికలాంగునిపై హింస జరుగుచున్నదనిగాని, జరుగగలదనిగాని నమ్ముటకు కారణమున్న యెవరైనను కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. తన సంరక్షణలోని వికలాంగునికి తెలిసి అన్నము, నీరు నిరాకరించినవానికి ఆరు నెలలకు తక్కువకాక అయిదేండ్లవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. దాసోహము మన ధర్మమైనచో, అన్నము నిరాకరించుట నేరమని చట్టము చెప్పువరకు మనము వేచియుండవలెనా?

మఠములకు ఈ సేవ కొత్త కాదు. గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున పంచాక్షరి గవాయిగారు, వారి పిమ్మట పుట్టరాజ గవాయిగారు అంధబాలురకు అన్నముతోపాటు సంగీతవిద్యను నేర్పిరి. అన్నము దాసోహము, విద్య కాయకము. రెండును కలిసినగాని బసవధర్మము పూర్తికాదు. మేధోవైకల్యముగలవాడును పూలు కట్టగలడు, మొక్కలకు నీరు పోయగలడు, పంక్తిలో ఆకులు వేయగలడు. రోజంతయు గోడకానుకొని కూర్చుండబెట్టుట సంరక్షణ కాదు, నిల్వ చేయుట.

అమ్మా! నీ ప్రశ్నకు నా సమాధానమిది. నీవు గతించిన పిమ్మట గాక, నీవుండగనే ఆశ్రమములను చూడుము. వంటవేళ పొమ్ము, స్నానపువేళ పొమ్ము, రాత్రి పొమ్ము. తలుపు గడియ ఏ వైపున నున్నదో చూడుము. మొదట నాలుగు దినములుంచి తీసికొనిరమ్ము. వాని ముఖమును చదువుము. వాడేమి తినునో, దేనికి భయపడునో, నొప్పి కలిగినపుడు ఏమి చేయునో ఒక పుస్తకమున వ్రాయించియుంచుము. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద జిల్లాలోని స్థానిక సంఘమునకు సంరక్షకుని నియామకము కొరకు దరఖాస్తు పెట్టుము. మిగిలినది మా బాధ్యత. నెలకొకమారు, చెప్పకుండ, నీ బిడ్డ కడకు మాలో ఒకరు పోవుదురు. మొదటి నెల నేనే పోవుదును. ఈసారి సందర్శకుల పుస్తకమున చూచినదే వ్రాసెదను.