శిఖరమూ, దారీ

ఢిల్లీలోని ధౌలా కువాన్ కూడలికి వచ్చే తెలుగువారిని రెండు పేర్లు పలకరిస్తాయి. ఒకటి, తిరుమల తిరుపతి దేవస్థానాలు 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల. రెండవది, ఆ సమీపంలోని మెట్రో స్టేషనుకు పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు. ఆ స్టేషను నుంచి విమానాశ్రయపు మార్గంలోని స్టేషనుకు పోవడానికి కిలోమీటరుకు పైగా పొడవైన పాదచారుల వంతెన ఉన్నది. అందులో కదిలే నడకబాటలు అమర్చారు. నిలుచున్న మనిషి నిలుచున్నట్లే ముందుకు సాగిపోతాడు. ఒక సాయంకాలం ఆ బాట మీద నిలబడి సాగుతుండగానే, స్విట్జర్లాండులో కుమారుని ఇంట కొన్నాళ్ళు గడిపి వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి, నా మిత్రుడు, ఈ ప్రశ్న వేశారు.

"పిలాటస్ కొండకు రెండు దారులున్నాయండీ. ఒకవైపు నుంచి పళ్ళచక్రపు రైలు, మరొకవైపు నుంచి కేబుల్ కారు. మావాడు రైల్లోనే ఎక్కాలని పట్టుబట్టాడు. ఎటు వెళ్ళినా కూర్చునే కదా పోవడం! పైకి చేరాక కనిపించే మంచుకొండలు అవే కదా! ఇందులో ఇంత పట్టింపు దేనికి?"

నడిచి ఎక్కేవాడికీ వాహనంలో ఎక్కేవాడికీ మధ్య భేదం చెప్పడం సులభం. అక్కడ శ్రమ ఉన్నది, తపస్సు ఉన్నది. కాని మిత్రుడు అడిగిన ప్రశ్నలో ఆ ఆధారం లేదు. రెండు యంత్రాలలోనూ ప్రయాణికుడు సోమరే. కాలంలోనూ చెప్పుకోదగిన తేడా లేదు. మరి భేదమంటూ ఉంటే అది ఎక్కడ ఉన్నట్లు?

1889లో ప్రారంభమైన పిలాటస్ రైలు ప్రపంచంలోని పళ్ళచక్రపు రైళ్ళన్నిటిలోకీ నిటారైనది. కొన్నిచోట్ల నూరు మీటర్లు ముందుకు పోయేసరికి నలభై ఎనిమిది మీటర్లు పైకి లేస్తుంది. అంతటి వాలులో పై నుంచి దిగే పళ్ళు పట్టు తప్పి పట్టా మీదికి ఎక్కిపోయే ప్రమాదం ఉన్నందున, ఎడ్వర్డ్ లోఖర్ అనే ఇంజనీరు చక్రాలను అడ్డంగా పడుకోబెట్టి, మధ్య పట్టాను రెండు ప్రక్కల నుంచీ పట్టుకొనేటట్లు చేశాడు. అంటే ఆ రైలు కొండను ఒక్కొక్క పన్ను చొప్పున అడిగి అడిగి ఎక్కుతుంది. కేబుల్ కారు కొండను ఏమీ అడగదు. నాలుగు స్తంభాలు నిలిపేందుకు చోటిస్తే చాలు, తక్కిన కొండంతా దానికి గాలితో సమానం.

స్విట్జర్లాండు నేను చూడలేదు. ఆ దేశపు విద్య మాత్రం మన నీలగిరులలో చూశాను. మెట్టుపాళయం నుంచి ఉదకమండలానికి పోయే నలభై ఆరు కిలోమీటర్ల రైలుదారి మన దేశంలో పళ్ళపట్టా ఉన్న ఏకైక మార్గం. 1899లో కూనూరు వరకు, 1908లో ఉదకమండలం వరకు పూర్తయింది. కల్లారు దాటగానే పట్టాల నడుమ రెండు పళ్ళకమ్మీలు ఆరంభమవుతాయి. ఒకదాని పళ్ళు రెండవదాని సందుల కెదురుగా ఉంటాయి కనుక చక్రానికి పట్టు ఎన్నడూ తప్పదు. ఇది రోమన్ ఆప్ట్ అనే స్విస్ ఇంజనీరు కల్పన. ఇంజను వెనుక నుంచి నెడుతూ ఉంటే, పైకి చేరడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. దారిలో హిల్‌గ్రోవ్ వద్ద ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఆగుతుంది. అందరమూ దిగాము. టీ త్రాగాము. ఎదుటి పెట్టెలోని కోయంబత్తూరు నాయుడుగారి కుటుంబం తమ తెలుగులో నా తెలుగును సవరించింది. ఒక కోతి మా పొట్లం పట్టుకుపోయింది. ఉదకమండలంలో ఏమి చూశానో ఇప్పుడు సరిగా జ్ఞాపకం లేదు.

అన్నమయ్య బాల్యం గురించి తాళ్ళపాక చిన్నన్న చెప్పిన కథ ఇక్కడ స్మరించదగినది. తిరుమల ఎక్కుతూ అలసి, ఆకలితో మోకాళ్ళముడుపు వద్ద పడిపోయిన బాలునికి అలమేలుమంగ దర్శనమిచ్చి, చెప్పులు విడిచి చూడమని చెప్పి, ప్రసాదం పెట్టిందట. ఆ బాలుడు ఆశువుగా శతకం చెప్పాడట. ఆనందనిలయం ఇంకా పైనే ఉన్నది. కవిత్వం మాత్రం సగం దారిలోనే పుట్టింది. దాటిపోవలసిన చోటనుకున్నది చేరుకున్న చోటు కావడానికి, అక్కడ నేల కాలికి తగలాలి కదా.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అది పక్షపాతమే అవుతుంది. నేలను తాకడమంటే నేలను గాయపరచడం కూడా. నీలగిరి దారికి పదహారు సొరంగాలు త్రవ్వారు. 1912లో యుంగ్‌ఫ్రౌ కనుమకు చేరిన రైలు కోసం పదహారేళ్ళు కొండ కడుపు తొలిచారు, పనివారు ప్రాణాలు కోల్పోయారు. ఆ రైలు దారిలో కొంత మేరకు 2020లో స్విస్సులే తీగల మీద కొత్త మార్గం వేసుకున్నారు. తీగ మీద పోయేది కొండను తక్కువగానే కోస్తుంది. మోకాళ్ళు సహకరించని మా అమ్మ శ్రీశైలంలో రోప్‌వే లేకుంటే పాతాళగంగ నీళ్ళు తాకి ఉండేది కాదు. అదే మార్గాన పైకి వస్తున్నప్పుడు, "ఆ మెట్లు ఇంకా ఉన్నాయట్రా?" అని అడిగింది. పెళ్ళయిన కొత్తలో ఆ మెట్లు దిగిందట. ఉన్నాయన్నాను. ఆ మాట విని ఆమెకు కలిగిన తృప్తి నదీస్పర్శ వల్ల కలిగిన తృప్తికి తీసిపోలేదు.

సోన్‌ప్రయాగ నుంచి కేదారనాథానికి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం ముప్పయి ఆరు నిమిషాలకు తగ్గుతుందని అంచనా. వృద్ధులకు ఇది వరమే. మనిషిని మనిషి బుట్టలో మోసే పనిని పవిత్రమైనదని కీర్తించడానికి నాకు నోరు రాదు, మోసేవాని నడుమును ఎవరూ అడగరు గనుక. అయితే మిగిలే గంటలను లెక్కకట్టడం మనకు తెలిసినంతగా, ఆ గంటలలో దారి పొడుగునా ఉండిన టీకొట్లనూ, గుర్రాలవాళ్ళనూ, బడలిక తీర్చుకొనే రాళ్ళనూ లెక్కకట్టడం తెలియదు. పళ్ళచక్రపు రైలులో కూర్చున్న సోమరికి వారు కిటికీలోంచైనా ఎదురవుతారు. తీగ మీద పోయేవానికి వారు చెట్ల శిఖరాల క్రింద ఉండిపోతారు. వారిని చూడకుండా ఉండడంలో అతని తప్పేమీ లేదు. చూడనవసరం లేని ఏర్పాటు అతని కోసం ఎవరో చేసిపెట్టారు. ఆ ఏర్పాటుకు సంతకం పెట్టేవారిలో ఈ పత్రిక చదివేవారూ కొందరు ఉండవచ్చును.

వంతెన చివరికి వచ్చేసరికి మిత్రుడు నా వాదం ఒప్పుకోలేదు. "మీరు చెప్పేది యాత్ర సంగతి, నేనడిగింది వాహనం సంగతి" అన్నారు. తరువాత కొంతసేపటికి, పిలాటస్ రైలు దారిలో ఒక పచ్చికబయలు వద్ద గంటలు కట్టిన ఆవులు కిటికీకి చేరువగా కనిపించాయనీ, మనుమడు వాటిని లెక్కపెట్టాడనీ చెప్పారు. ఎన్ని అని అడిగాను. పదిహేడు అన్నారు, తడుముకోకుండా.