ఏ వేళ పిలువవలెను?



ఇంటి పెద్ద నోట్లు లెక్కించుచుండగా మనము మధ్యలో పోయి పలుకరింపము. లెక్క తప్పునని తెలిసి గడపవద్దనే ఆగుదుము. ప్రార్థనలో నున్నవాని భుజము తట్టము. ఈ మర్యాదను పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. పెద్దలను చూచి నేర్చుకొంటిమి. మన చేతిలోని ఫోనుకు కూడ ఇట్టి మర్యాద ఉండవలదా? దానిని నేర్పవలసినవారెవరు?

చేవెళ్ల మార్కెటులో టమాటాలు దింపిన రైతు ఒకడు ఆటో కిరాయిని ఫోనుద్వారా చెల్లించుచున్నాడనుకొనుడు. పేరును మొత్తమును సరిచూచి పిన్ను నొక్కబోవు క్షణమున, అదే యాపునుండి “మీకు బహుమతి” అను నోటిఫికేషను పైనుండి జారి ఆ పేరును కప్పివేసినది. ఇప్పుడతడు ఎవరికి పంపుచున్నాడు? డబ్బు వచ్చుటకు పిన్ను అక్కరలేదు, పోవుటకే కావలెను. తొందరలో ఈ సంగతి మరచినవారికి మోసగాండ్లు డబ్బు కోరు అభ్యర్థనలు పంపి దోచుకొనిరి. అందుచేతనే ఒక మనిషి మరియొక మనిషికి యూపీఐలో అట్టి అభ్యర్థన పంపు పద్ధతి 2025 అక్టోబరు నుండి నిలిపివేయబడినది. నిదానముగా చూడవలసిన చోట దృష్టిని చెదరగొట్టుట చిన్న తప్పు కాదు.

దీనిని ఆపుట సాధ్యమే. యాపు మూసియున్నప్పుడు వచ్చిన కబురును సాధారణముగా ఫోనే చూపును. యాపు తెరచియున్నప్పుడో, ఆ కబురు మొదట యాపు చేతికే వచ్చును. చూపవలెనా, ఊరకుండవలెనా యని తయారుచేసినవారు ముందుగానే వ్రాసిపెట్టవచ్చును. వాట్సాప్‌లో మీరు ఒకరితో మాటలాడు పుట తెరచియుండగా, వారి కొత్త మాట ఆ పుటలోనే కనబడును గాని పైనుండి మరల జారిపడదు. డబ్బు చెల్లించు తెరమీదను ఇట్టి నియమమే పెట్టవచ్చును. అయితే ఏ యాపైనను తన కబుర్లనే ఆపుకొనగలదు. ఇతర యాపుల నోరు మూయించుట ఫోను గలవాని పని.

అట్లయిన అన్నిటిని ఆపివేయుట మంచిదా? కాదు. మొయినాబాదు ప్రాంతమువారు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములను ఎరుగుదురు. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన తరువాత, వరదను ఆపుటకై మొదటిది 1920లోను రెండవది 1927లోను పూర్తియైనవి. అవి నీటిని నాశనము చేయవు. నిలిపియుంచి, తగిన వేళ విడుచును. కాని గేట్లు ఎత్తబోవునప్పుడు దిగువనున్నవారికి చెప్పకుండుట నేరము. అట్లే, బహుమతి కబురు ఆగవచ్చును; “మీ ఖాతానుండి సొమ్ము పోయినది” అను కబురు ఆగరాదు. ఆపిన కబురును కూడ పారవేయక, పని ముగిసినపిమ్మట చూచుకొనునట్లు ఒకచోట దాచియుంచవలెను.

కాబట్టి ఒక ప్రశ్న వేసికొనుడు: ఈ మౌనము ఎవరి మేలుకొరకు? పని చేయుచున్నవాని మేలుకొరకైన యెడల అది మర్యాద. రుసుము పెరిగినదని తెలిసిన అతడు కొనకుండునేమోయని దాచినచో అది మోసము. రెంటియందును తెర ఒకటే, మౌనము ఒకటే. ఉద్దేశ్యము మాత్రమే వేరు.

మీ పిల్లలలో కొందరు నగరమునకు పోయి యాపులు తయారుచేయు పనిలో ఉండవచ్చును. వారు ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట చెప్పుడు: “నాయనా, నీవు వ్రాయు ఒక్క వరుసవలన ఎక్కడో ఒక ముసలితల్లి వేలు తప్పుచోట పడవచ్చును.” మీరును ఊరకుండకుడు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 మొదలుకొని, కొత్తగా పెట్టుకొన్న యాపు నోటిఫికేషనులు పంపుటకు ముందు మీ అనుమతి అడుగవలెను. అడిగినదే తడవుగా “సరే” యని నొక్కకుడు. ఎవనికి మన తలుపు తట్టు హక్కు ఇచ్చుచున్నామో ఆలోచించుడు. పిలుచువాడు వేళ ఎరుగవలెను. పిలువబడువాడు తన వేళను కాపాడుకొనవలెను.