గుండంలో కాలని కాళ్లు

ఇస్లాంలో చెప్పుకునే మహిమల గురించి ఏదైనా వ్రాయరాదా అని మిత్రుడొకాయన అడిగినప్పుడు ముందు జంకాను. అందులో కొంత భయం, కొంత సిగ్గు. పక్కింటివాళ్ల నమ్మకాన్ని తూకం వేయడానికి మనమెవరం అన్నది ఒకటి. రోజులు బాగా లేవన్నది రెండోది. ఒక మతంలో పుట్టినవాడు ఇంకొక మతాన్ని ప్రశ్నిస్తే ఆ ప్రశ్నను రాయిగా చూసేవాళ్లున్నారు. నిజంగానే దాన్ని రాయిగా అందుకొని విసరడానికి కాచుకున్నవాళ్లూ ఉన్నారు. అట్లాగని ఊరకుంటే అదీ మర్యాద అనిపించుకోదు. మనవాళ్లతో మాత్రమే వాదించి పొరుగువాడిని వదిలేయడమంటే, వాదనకు అతడు తగడని లోలోపల అనుకోవడమే గదా.

అందుచేత పుస్తకాల్లోని మహిమ కాకుండా, నా కాళ్లకు తెలిసిన మహిమ ఒకదాన్ని తీసుకున్నాను.

మాది బాగేపల్లి తాలూకాలో చిత్రావతికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. సాయిబుల ఇళ్లు నాలుగైదుకు మించి లేవు. అయినా పీర్ల పండుగ ఊరందరిదీ. చావిడి ముందర గుంత తవ్వి చింతమొద్దులు పేర్చి, రాత్రంతా మండించేవాళ్లు. పీర్లను ఎత్తుకునేవాళ్లలో సగానికి పైగా హిందువులే. మొక్కు ఫలించి పుట్టిన బిడ్డలకు ఫకీరప్ప అనో హుసేనమ్మ అనో పేరు పెట్టుకునేవాళ్లు. అనంతపురం వైపు పోతే గూగూడు కుళ్లాయస్వామి పేరు మోసే కుళ్లాయప్పలు ఊరూరా కనిపిస్తారు. మంటలు అణిగి నిప్పులు ఎర్రగా పరుచుకున్నాక పీరును ముందు పెట్టుకొని గుండం తొక్కేవాళ్లు. నమ్మినవాడి కాలు కాలదు, అది హసన్ హుసేనుల మహిమ అని అందరూ చెప్పేవాళ్లు.

పదకొండో ఏట నేనూ తొక్కాను. కాలింది. కుడికాలి చిటికెనవేలి పక్కన రేగుపండంత బొబ్బ లేచింది. ఆ ఏడాది కాలింది నాకూ, ఒక కూలివాడికీ మాత్రమే. మిగతా ముప్ఫైమందీ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. పొద్దున్నే ఊళ్లో మాట పుట్టింది. కూలివాడు తాగి వచ్చాడట, మా ఇంట్లో మైల ఉందట. మా అవ్వ ఆ బొబ్బమీద కలబంద గుజ్జు రాసి, ఎవరికీ చూపొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నొప్పి రెండు దినాల్లో పోయింది. ఒట్టు మాత్రం చాన్నాళ్లు కుట్టింది. కాలని ముప్ఫైమంది మహిమకు సాక్ష్యమైతే, కాలిన ఇద్దరూ దానికి వ్యతిరేక సాక్ష్యం కావాలి గదా. అట్లా కాలేదు. వాళ్లూ సాక్ష్యమే అయ్యారు, కాకపోతే పాపానికి. ఏం జరిగినా ఓడిపోని వాదన ఇది. అందుకే దాన్ని నమ్మడానికి నాకు మనసొప్పదు.

ముజావరు తాత మాత్రం నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "నడుమలో నిలబడినావు గదరా అప్పా?" నిలబడిన మాట నిజమే. పీరు మీద పూలు రాలితే చూస్తూ ఒక్క క్షణం ఆగాను. "నిలబడొద్దని చెప్పింటిని గదా. పోతానే ఉండాల" అన్నాడు. మైల ఊసు ఎత్తలేదు. నిప్పులను చదును చేయించేది ఆయనే, మంట పూర్తిగా చచ్చేదాకా ఎవరినీ దిగనివ్వనిదీ ఆయనే. గుండం గురించి తెలియాల్సింది ఆయనకు తెలుసు. దాన్ని మహిమ అని కూడా ఆయనే పిలిచేవాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడాయో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

తెలిసిన సంగతి మా వంటింట్లోనే ఉండింది. అవ్వ పొయ్యిలోంచి నిప్పుకణికను వేళ్లతో ఎత్తి సాంబ్రాణి ధూపంలో వేసేది. అదే నిప్పులో కాగిన ఇనుప అట్లకాడను ముట్టుకోమంటే ముట్టుకునేది కాదు. వేడి ఎంత ఉందన్నది ఒక సంగతి, అది చర్మంలోకి ఎంత జోరుగా దిగుతుందన్నది వేరే సంగతి. ఇనుము ఒక్కసారిగా దింపుతుంది. బొగ్గు మెల్లగా వదులుతుంది, దానిమీది బూడిద ఇంకా మెల్లగా. అడుగు పడి లేచేలోగా చర్మం కాలేంత వేడి దిగదు. ఆగితే దిగుతుంది.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. 1935 సెప్టెంబరులో ఇంగ్లండులోని కార్షాల్టన్‌లో హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు గుండం త్రవ్వించి, కాశ్మీరు నుంచి వచ్చిన ఖుదాబక్ష్ అనే ముస్లింను నడిపించాడు. వైద్యులు ముందే కాళ్లు చూశారు, మందులేవీ పూసుకోలేదని రూఢి చేసుకున్నారు. నిప్పుల పైభాగం వేడి సుమారు 430 డిగ్రీల సెంటీగ్రేడు. ఒక్కొక్క అడుగు నిప్పును తాకింది అర సెకను ప్రాంతం. ఆయనకు కాలలేదు. అలవాటు లేని ఆంగ్లేయులు ప్రయత్నిస్తే కొద్దిపాటి బొబ్బలు లేచాయి. 1937లో అహ్మద్ హుసేన్ అనే ఇంకొకాయన వచ్చి తన శక్తిని ఇతరులకూ పంచగలనన్నాడు. ఆ పరీక్షల్లోనే ఒక మామూలు ఆంగ్లేయుడు ఆయన శక్తి అక్కర లేకుండానే దాదాపు క్షేమంగా నడిచాడు. ఖుదాబక్ష్ మోసగాడని ఆ పరీక్షలు చెప్పలేదని గమనించాలి. ఆయన నిజంగానే నడిచాడు. నడిచింది నిజం, దానికి చెప్పిన కారణం మాత్రం నిజం కాదు. మన చర్చల్లో ఈ రెండింటినీ కలిపేస్తూ ఉంటాం. నాస్తికుడు "అంతా దొంగాట" అంటాడు, భక్తుడు "కళ్లారా చూశాను" అంటాడు. ఇద్దరూ చెరొక సంగతి మాట్లాడుతున్నట్లు ఇద్దరికీ తెలియదు.

పైగా ఇదే నిప్పు మన ద్రౌపదమ్మ గుళ్ల ముందర కూడా కాళ్లను కాల్చదు. పీరును నమ్మినవాడికీ, ద్రౌపదమ్మను నమ్మినవాడికీ, ఏదీ నమ్మని ఇంగ్లండువాడికీ ఒకే న్యాయం చేస్తోంది. మరి ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టు? ఒక మతం చెప్పే అద్భుతం ఇంకొక మతం చెప్పే అద్భుతానికి ఎదురు సాక్ష్యమవుతుందని డేవిడ్ హ్యూమ్ 1748లోనే వాదించాడు. మా జిల్లావాళ్లకు హ్యూమ్ అవసరం లేదు, ఏడాదిలో రెండు జాతరలు చూస్తే చాలు.

ముస్లిం పండితుల మాట కూడా వినాలి. పీర్లనూ గుండాన్నీ అధర్మమని కొట్టిపారేసే మౌల్వీలు చాలామంది. ఖురాన్ 17వ అధ్యాయంలో మక్కావాళ్లు ప్రవక్తను నిలదీసే ఘట్టం ఒకటుంది. నేలలోంచి ఊట పుట్టించు, బంగారు ఇల్లు తెప్పించు, ఆకాశానికి ఎక్కిపో, అప్పుడు నమ్ముతాం అంటారు. తాను కేవలం మానవుడినని, కబురు తెచ్చినవాడినని చెప్పమని ఆయనకు ఆదేశం. చేసి చూపలేదు. ప్రవక్తల మహిమలను ముఅజిజా అనీ, వలీల మహిమలను కరామత్ అనీ విడదీసి, రెండోవాటిని మొదటికే ఒప్పుకోని ముఅతజిలా తార్కికులు వెయ్యేళ్ల కిందటే ఉన్నారు.

అన్నిటికంటె నాకు ఇష్టమైన తగువు నిప్పు మీదిదే. అల్ గజాలీ (1058–1111) అడిగాడు: దూదికి నిప్పు తగిలితే దూది కాలడం చూస్తున్నాం, నిప్పే కాల్చిందని ఎక్కడ చూశాం? కాల్చేది దేవుడు, వద్దనుకుంటే కాల్చడు, ఇబ్రాహీం ప్రవక్తను నిప్పులో వేసినా కాలలేదు గదా అన్నాడు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. కార్యకారణాల మీద హ్యూమ్ కూడా తర్వాత ఇలాంటి చిక్కే వేశాడు. ఇబ్న్ రుష్ద్ (1126–1198) జవాబిచ్చాడు: కారణాలను కాదంటే తెలివినే కాదన్నట్టు, ఇక ఏ వస్తువు గురించీ ఏమీ తెలుసుకోలేం. మన దేశంలో 19వ శతాబ్దంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ప్రకృతి నియమాలు దేవుడి పని, ఖురాన్ దేవుడి మాట, రెండింటికీ పొత్తు కుదరకపోదని వాదించి మౌల్వీల చేత తిట్లు తిన్నాడు. శంక పడటమంటే ఇస్లాం మీదికి బయటివాళ్లు పోవడమేనని అనుకునేవాళ్లకు ఈ పేర్లు గుర్తు చేయాలి. శంకించినవాళ్లు ఆ ఇంటివాళ్లే.

ఇంకొక మాట. క్రీ.శ. 680లో కర్బలాలో హుసేన్ తన వాళ్లతో సహా నీళ్లకు మొహం వాచి, లొంగకుండా చనిపోయాడు. ఆ కథలో ఊట పుట్టలేదు, బాణం పూలు కాలేదు. ఏ అద్భుతమూ అడ్డం రాలేదు గనుకనే పదమూడు వందల ఏళ్లుగా జనం గుండెలు బాదుకుంటున్నారు. అలాంటి మనిషికి కాలని కాళ్లను బిరుదుగా తగిలించడం ఆయన్ను తక్కువ చేయడం కాదా?

మన ఇంటిని కూడా ఒకసారి చూసుకుందాం. చింతామణి దగ్గరి కైవారం తాతయ్య నోట్లో గులకరాయి కలకండ అయిందని కథ ఉంది. నారాయణ యతీంద్రులను మనం తలచుకునేది ఆ రాయి కోసమా, ఆయన తెలుగు పదాల కోసమా? 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడని దేశమంతా చెంచాలు పట్టుకుంది. రాతిమీదుగా పలుచగా జారిపోయే పాలకు రంగు కలిపి శాస్త్రజ్ఞులు చూపించారు. 2006 ఆగస్టులో ముంబాయి మాహింలో సముద్రం తియ్యనయిందని, అది అక్కడి దర్గా వలీ మహిమ అని జనం ఆ మురికినీళ్లు సీసాల్లో నింపుకున్నారు. వానకాలంలో మీఠీనది తెచ్చి కలిపిన మంచినీళ్లవి. పుణె దగ్గర శివాపురం దర్గాలో 11 మంది ఒక్కొక్క వేలితో లేపే బండరాయి సుమారు 90 కిలోలంటారు. భాగించుకుంటే మనిషికి ఎనిమిది కిలోలు, రాగి సంచిలో పావువంతు కూడా కాదు.

"హిందువుల్నయితే అడుగుతారు, సాయిబుల్ని అడగగలరా?" అన్న ఎత్తిపొడుపు మన ప్రాంతంలో బాగా వినిపిస్తుంది. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉండి 1976లో మహిమల పరిశోధన సంఘం వేశారు. పుట్టపర్తికి ఉత్తరాలు వ్రాశారు, జవాబు రాలేదు. పిడికిట్లో దాగని గుమ్మడికాయను సృష్టించి చూపమన్న ఆయన మాట మా కాలేజీ రోజుల్లో నోళ్లలో నానింది. ఆయన గాంధేయవాది, ఖద్దరు కట్టినవాడు. ముందు తన ఇంటిని అడిగినవాడికి పక్కింటి తలుపు తట్టే యోగ్యత వస్తుందని ఆయన్ను చూసి అనుకునేవాడిని.

కాళ్లు కాలకపోతే ఎవరికి నష్టం, పండుగ పండుగలా జరగనివ్వరాదా అంటారు. పండుగ జరగాలనే నా కోరిక కూడా. రెండు మతాలవాళ్లు ఒకే పీరును మోసే చోటు ఇప్పుడు ఎక్కడుందని? నా పేచీ ఆ వాదన గుండం దాటి మంచం దగ్గరికి వచ్చినప్పుడు.

1980 ప్రాంతంలో మా చిన్నమ్మకు మతి చెదిరింది. నిద్ర లేదు, తనలో తాను మాట్లాడుకునేది, బిడ్డను దగ్గరికి రానిచ్చేది కాదు. గాలి సోకిందన్నారు. ఆమెను ఒక దర్గాకు తీసుకుపోయారు, పేరు అనవసరం. మూడు నెలలు ఉంచారు. రాత్రిళ్లు కాలికి గొలుసు వేసేవాళ్లు. తగ్గలేదు. ఎందుకు తగ్గలేదంటే "ఇంట్లో ఎవరికో నమ్మకం చాలలేదు" అన్నారు. నా బొబ్బకు చెప్పిన మాటే ఇది. కాకపోతే ఈసారి ఆ మాటతో మా చిన్నాయన కుంగిపోయాడు, ఆ నమ్మకం లేనివాడు తానేనేమో అని.

తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రయానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉన్నారు గనుక పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు మా ఊరి గుండం గుర్తుకొచ్చింది. ఆగకుండా పోతానే ఉండమన్న ముజావరు తాత మాటా గుర్తుకొచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను ఏ రూపంలోనూ వేయరాదని నిషేధించింది.

అయినా గుళ్లూ దర్గాలూ మూయమని నేననను. నిమ్హాన్స్ వైద్యుడు రఘురామ్, ఆయన సహచరులు తమిళనాడులోని ఒక ముత్తుస్వామి గుడిలో ఉన్న 31 మంది రోగులను పరీక్షించి 2002లో అచ్చువేశారు. ఆ గుడిలో ప్రత్యేకమైన పూజలూ మందులూ లేవు, ఇంటిమనిషి తోడుగా ఉండి, చేతనైన పని చేసుకుంటూ గడపడమే. వారాల్లోనే లక్షణాలు సుమారు 20 శాతం తగ్గాయి. గొలుసు లేని, గదమాయింపు లేని చోటు కూడా ఒక మందేనన్నమాట. గుజరాతులో ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో దువా చేసే ముజావర్లే రోగులను అక్కడే ఉన్న డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు జరిగింది. మా మురుగమళ్ల అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ ఏర్పాటే మెదులుతుంది. చింతామణి నుంచి బెంగళూరు రెండు గంటల దారి.

చిన్నమ్మకు నిమ్హాన్స్ మాత్రలతో నిద్ర పట్టింది. ఆరు నెలలకు మనుమరాలిని ఎత్తుకున్నంత భద్రంగా తన బిడ్డను ఎత్తుకుంది. ఆమె మాత్రం తనకు బాగయింది బాబా దయవల్లనే అనేది. చక్కెర చదివింపులకని ఏటా ఒక గురువారం బస్సెక్కేది, తోడు నేనే. "మాత్రలు తెచ్చుకున్నావా చిన్నమ్మా?" అని బస్సులో అడిగితే సంచి తడిమి చూపించేది.