ఆదర్శం అంటే అద్దం



మీలో ఎందరో నిత్యం మాసబ్ ట్యాంక్ మీదుగా ప్రయాణం చేస్తుంటారు. ఆ పేరులో ఒక తల్లి దాగి ఉన్నది. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగంను ప్రజలు 'మా సాహెబా' అని గౌరవంగా పిలిచేవారు. ఆమె పేరిట వెలసిన చెరువే జనం నోట నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. నేడు చెరువు లేదు, పేరు మిగిలింది.

'ఆదర్శం' అనే మాటకూ ఇదే గతి పట్టింది. ఆదర్శ దంపతులు, ఆదర్శ ఉపాధ్యాయుడు, ఆదర్శ కుటుంబం అంటాము. ఏ లోపమూ లేని నమూనా అని మన భావం. కాని సంస్కృతంలో ఆదర్శం అంటే అద్దం. అద్దానికి ఎవరూ దండ వేసి దూరంగా నిలబడరు. దగ్గరకు వెళ్లి ముఖం చూచుకొని, మరక ఉంటే తుడుచుకొంటారు.

వాక్యం విని ఆచరించనివాడు, అద్దంలో ముఖం చూచుకొని వెంటనే తన రూపం మరచిపోయేవాని వంటివాడని పునీత యాకోబు గారు తన లేఖ మొదటి అధ్యాయంలో హెచ్చరించారు. అస్సీసీ పునీత క్లారమ్మ 1253లో ప్రాగ్ నగరపు ఆగ్నెసమ్మకు లేఖ వ్రాస్తూ క్రీస్తు ప్రభువునే అద్దంగా చూపింది. పశువుల తొట్టిలోని పేదరికాన్ని, సిలువమీది ప్రేమను ప్రతిదినం అందులో చూడమని బోధించింది.

మరి మన ఇండ్లలో ఈ మాట ఎలా వాడుతున్నాము? అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు ర్యాంకర్ల ఫోటోలు చూపి, "వాళ్లను చూసి సిగ్గు తెచ్చుకో" అంటాము. ఆ క్షణాన ఆదర్శం బెత్తం అవుతుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. మార్కులు తగ్గిననాడు ఇంటి తలుపు తట్టడానికి ఏ బిడ్డా భయపడకూడదు.

పునీత పౌలు గారు తనను అనుసరింపుడని కొరింతీయులకు ధైర్యంగా చెప్పారు. అదే పౌలు గారు, తాను ఇంకా పరిపూర్ణుడను కాలేదని ఫిలిప్పీయుల ఎదుట ఒప్పుకొన్నారు. ఆదర్శంగా నిలవడానికి మచ్చలేని జీవితం కావాలని లేదు, ప్రభువువైపు తిరిగిన ముఖం చాలు.

తల్లిదండ్రులారా! బిడ్డ మొదట చూచుకొనే అద్దం మీ ముఖమే. అందులో వానికి కోపం కనబడుతున్నదా, క్షమాపణ కనబడుతున్నదా? ఈ రాత్రి కుటుంబ జపమాల ముగిసిన తరువాత పక్కింటివారి పిల్లల ఊసెత్తకుండా మీ బిడ్డతో కాసేపు మాట్లాడండి. మిమ్ములను చూచినప్పుడు తాను ప్రేమింపబడుతున్నానని వానికి తెలియాలి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.